జూదంలో నేర్పు, నిర్వాహకుని వంతు: హైదరాబాదు చరిత్ర నుంచి ఒక పరిశీలన

మీర్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా పాత నగరం వైపు వెళ్ళేవారికి మలక్‌పేటలో గుర్రపు పందాల మైదానం ఎదురవుతుంది. హైదరాబాదు చరిత్రలో ఈ మైదానానికి ప్రత్యేక స్థానం ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలనలో, 1886లో, మౌలాలీలో జరిగే పందాలు ఇక్కడికి మారాయి. నాడు నగరానికి వెలుపల ఉన్న ఈ స్థలం నేడు నగరం నడిమధ్యకు వచ్చింది. చుట్టూ బస్తీలు, బజార్లు, మెట్రో రైలు స్టేషను వెలిశాయి. మైదానం మాత్రం మైదానంగానే మిగిలింది.

పందెం కాసేవారందరూ కేవలం అదృష్టాన్ని నమ్ముకొని వస్తారనుకోవడం పొరపాటు. గుర్రం వంశం, మోసే బరువు, జాకీ పనితనం, గత పందాల ఫలితాలు, ఇవన్నీ పరిశీలించి లెక్క వేసుకొని వచ్చేవారు ఎందరో ఉంటారు. ఒకసారి పోయిన సొమ్మును మరుసటి పందెంలో రెట్టింపు కాసి రాబట్టవచ్చునని లెక్క కట్టేవారూ ఉంటారు. పాశ్చాత్య దేశాల కాసినోలలో ఆడే బ్లాక్‌జాక్, అనగా ఇరవయ్యొకటి ఆట, విషయంలోనూ ఇదే నమ్మకం ప్రబలంగా ఉంది. తెలివిగా పందెం కాస్తే నిర్వాహకుణ్ణి ఓడించవచ్చునా అన్నది ప్రశ్న. ఇది గణితశాస్త్ర ప్రశ్నగా కనిపిస్తుంది. కాని దీని వెనుక ధర్మశాస్త్ర చరిత్ర ఉంది, న్యాయస్థానాల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం ఈ జంట నగరాలలోనే జరిగింది.

అరబ్బుల మైసిర్

దివ్య ఖుర్ఆన్ జూదానికి వాడిన పదం ‘మైసిర్’. ఇస్లాంకు పూర్వం అరబ్బులలో ఇదొక ప్రత్యేకమైన ఆట. ఒక ఒంటెను కోసి మాంసాన్ని భాగాలు చేసేవారు. పది బాణాలను ఒక సంచిలో వేసి కలిపి ఒక్కొక్కటిగా తీసేవారు. ఏడు బాణాలకు వరుసగా ఒకటి నుంచి ఏడు వరకు వంతులు ఉండేవి; వాటి మొత్తం 28. మిగిలిన మూడు బాణాలు వట్టివి, వాటికి వంతు లేదు. అన్నిటికంటే పెద్ద వంతు గల ఏడవ బాణాన్ని ‘ముఅల్లా’ అనేవారు. ఓడినవారు ఒంటె ఖరీదు చెల్లించాలి.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. గెలిచినవారు ఆ మాంసాన్ని తాము తినక పేదలకు పంచడం గొప్పతనంగా భావించేవారు. కరువు దినాలలో, చలికాలంలో ఈ ఆట ఆడటం దాతృత్వానికి గుర్తు. పాల్గొననివాణ్ణి ‘బరమ్’ అని, పిసినారి అని ఎగతాళి చేసేవారు. అంటే ఆ సమాజంలో మైసిర్ ఒక దుర్వ్యసనంగా కాక ఒక సత్కార్యంగా చెలామణి అయ్యేది. అల్ బఖరా అధ్యాయం 219వ ఆయత్ మద్యం, జూదాల ప్రస్తావన చేస్తూ వాటిలో ప్రజలకు కొంత లాభం ఉన్నదని ఒప్పుకొని, వాటి పాపం ఆ లాభాన్ని మించినదని తేల్చడానికి ఈ నేపథ్యం ఉంది. తరువాత అల్ మాయిదా అధ్యాయం 90, 91 ఆయతులు వాటిని పూర్తిగా నిషేధించాయి. అక్కడ చూపిన కారణాలలో పరస్పర వైరం, ద్వేషం, దైవ స్మరణ పట్ల అశ్రద్ధ ఉన్నాయి. జూదంలో గెలవడం అసాధ్యం అన్న వాదన అక్కడ లేదు. ఈ తేడాను మరచినవారు తరువాతి చర్చలలో దారి తప్పారు.

నేర్పు, అదృష్టం, పందెం అన్న మూడింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న చర్చ ధర్మవేత్తలలో తొలినుంచీ సాగింది. పాచికలతో ఆడే నర్ద్ ఆటను అధిక సంఖ్యాకులు నిషిద్ధమన్నారు. చదరంగం విషయంలో అభిప్రాయభేదం ఏర్పడింది. పందెం లేకుండా, నమాజుకు విఘ్నం కలగకుండా ఆడితే అది హరామ్ కాదని షాఫియీ ధర్మవేత్తలు అభిప్రాయపడ్డారు. హనఫీ, మాలికీ, హంబలీ వర్గాలు కఠినంగా వ్యవహరించాయి. అయితే పందెం ఒడ్డిన చదరంగం జూదమేనన్న విషయంలో ఈ నాలుగు వర్గాల మధ్య భేదం లేదు. ఆటలో నేర్పు ఉన్నంత మాత్రాన ఒడ్డిన సొమ్ము ధర్మబద్ధం కాదని వారి భావం.

గుర్రపు పందాలదీ ఇదే తీరు. మదీనాలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా గుర్రపు పరుగులు ఏర్పాటు చేశారు. శిక్షణ పొందిన గుర్రాలు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు, శిక్షణ లేనివి అక్కడి నుంచి బనూ జురైఖ్ మస్జిద్ వరకు పరుగెత్తాయి. పాలకుడో, పోటీకి సంబంధం లేని మరొకడో బహుమతి ఇస్తే దానిని ధర్మవేత్తలు అనుమతించారు. పోటీదారులిద్దరూ సొమ్ము ఒడ్డి, గెలిచినవాడు మొత్తం తీసుకుంటే అది జూదమవుతుందని అత్యధికులు అన్నారు. దానిని తప్పించడానికి ఏమీ ఒడ్డకుండా పాల్గొనే మూడవ పోటీదారు, ‘ముహల్లిల్’, ఉండాలని షరతు పెట్టారు. ఇబ్ను తైమియా, ఆయన శిష్యుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ ఈ షరతు అవసరం లేదన్నారు. కాని ఈ వివాదమంతా గుర్రం తోలేవారి గురించే. పక్కన నిలబడి పరుగును చూస్తూ సొమ్ము కాసేవారికి ఈ అనుమతిలో చోటు లేదు. మలక్‌పేట మైదానంలో గుర్రం యజమానికి అందే కప్పు వేరు, గ్యాలరీలో కట్టే పందెం వేరు అని దీనినిబట్టి స్పష్టమవుతుంది.

1305 ఫస్లీ చట్టం

పందాలను మలక్‌పేటకు తెచ్చిన మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనే, 1305 ఫస్లీలో, అనగా 1895–96లో, హైదరాబాదు జూద చట్టం రెండవ నంబరు చట్టంగా వెలువడింది. జూదగృహం నడపడం, అందులో ఉండటం నేరాలైనాయి. అయితే కేవలం నేర్పుతో కూడిన ఆటలకు ఈ చట్టం వర్తించదని 14వ సెక్షను మినహాయించింది. బ్రిటిష్ ఇండియాలోని 1867 జూద చట్టంలోనూ ఇటువంటి మినహాయింపే ఉంది.

ఈ చట్టంలో జూదగృహానికి ఇచ్చిన నిర్వచనం ముఖ్యమైనది. ఆట ఏదైనా కావచ్చు. ఆ స్థలం యజమాని దానివల్ల లాభం పొందుతున్నాడా అన్నదే గీటురాయి. జూదశాల నడిపేవాడు ప్రతి బాజీ నుంచి తీసుకునే వంతును ఉర్దూలో ‘నాల్’ అంటారు. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా నాల్ తీసుకునేవాడు నష్టపోడు. జూద చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ చిన్న మాట ఎంతో ఉపకరిస్తుంది.

హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో చేరిన తరువాత, 1358 ఫస్లీలో, గుర్రపు పందాలపై పన్ను రెగ్యులేషను వచ్చింది. దానితో నాల్‌లో ప్రభుత్వానికీ భాగం ఏర్పడింది.

సికింద్రాబాదు రమ్మీ కేసు

1963లో సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై పోలీసులు దాడి చేశారు. అక్కడ కొందరు సొమ్ము ఒడ్డి రమ్మీ ఆడుతున్నారు. 1305 ఫస్లీ చట్టం కింద వారిపై కేసు నడిచింది. మేజిస్ట్రేటు శిక్ష విధించగా హైకోర్టు దానిని రద్దు చేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. ‘ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం – కె. సత్యనారాయణ’ పేరుతో ప్రసిద్ధమైన ఈ కేసులో 1967 నవంబరు 22న తీర్పు వెలువడింది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ ముహమ్మద్ హిదాయతుల్లా. మరుసటి సంవత్సరమే ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

రమ్మీ మూడు ముక్కలాట వంటి కేవల అదృష్టపు ఆట కాదని ఆ తీర్పు నిర్ణయించింది. పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి. ఏది ఉంచుకోవాలో, ఏది పారవేయాలో తెలియాలి. కనుక అందులో నేర్పు ప్రధానమని న్యాయమూర్తి వివరించారు. క్లబ్బు వసూలు చేసే రుసుము పేకముక్కలకు, వసతులకు అయ్యే ఖర్చు కిందికి వస్తుందని, అంతమాత్రాన అది జూదగృహం కాబోదని భావించి అప్పీలును కొట్టివేశారు.

కాని తీర్పులోని మరో భాగాన్ని జనం అంతగా పట్టించుకోలేదు. రమ్మీ ఆడించడం ద్వారా క్లబ్బుగాని, ఇంటి యజమానిగాని లాభం గడిస్తున్నట్లు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చునని న్యాయమూర్తి స్పష్టంగానే చెప్పారు. నేర్పు ఉన్నదన్న వాక్యం పత్రికలకు ఎక్కింది, క్లబ్బుల గోడలకు ఎక్కింది. నాల్ గురించిన హెచ్చరిక గ్రంథాలలోనే ఉండిపోయింది.

రెట్టింపు పందెం లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నను పరిశీలించాలి. పందెం వేసే తీరును మార్చితే నిర్వాహకుణ్ణి ఓడించవచ్చునా? అన్నిటికంటే ప్రచారంలో ఉన్నది రెట్టింపు పద్ధతి. 100 రూపాయలు ఓడితే 200, అదీ పోతే 400, ఇలా గెలిచేవరకు రెట్టించుకుంటూ పోవాలి. ఎప్పుడు గెలిచినా పోయినదంతా వచ్చి, పైన 100 రూపాయలు మిగులుతాయి.

పైకి ఇది దోషం లేని లెక్కగా కనిపిస్తుంది. యూరపు రౌలెట్ చక్రంలో 37 గళ్ళు ఉంటాయి. ఎరుపు మీద కాస్తే గెలిచే గళ్ళు 18, ఓడే గళ్ళు 19. వరుసగా ఏడుసార్లు ఓడేసరికి పోయిన సొమ్ము 12,700 రూపాయలు. ఎనిమిదవ పందానికి 12,800 కావాలి. ఆ స్తోమత లేనివాడు అక్కడ ఆగిపోవలసిందే. స్తోమత ఉన్నవాణ్ణి కాసినో విధించే గరిష్ఠ పరిమితి ఆపుతుంది. ఇలా ఏడుసార్లు వరుసగా ఓడటం సుమారు 106 విడతలకు ఒకసారి జరుగుతుంది. 105 విడతలలో గెలిచినది 10,500. ఒక్క విడతలో పోయినది 12,700. చివరకు నష్టం 2,200 రూపాయలు. రెట్టింపు పద్ధతి నష్టాన్ని తొలగించదు. చిన్న నష్టాలను కలిపి ఒకే పెద్ద నష్టంగా మార్చి, అది వచ్చేరోజును వెనక్కి నెడుతుంది, అంతే. ఈ మధ్యకాలంలో ఆటగాడు తాను గెలుస్తున్నానని నిజాయితీగానే నమ్ముతాడు. ఈ పద్ధతిలోని ప్రమాదమంతా ఆ నమ్మకంలోనే ఉంది.

ప్రతి పందెంలోనూ నిర్వాహకుని వైపు కొంత మొగ్గు ఉన్నప్పుడు, ఆ పందాలను ఏ వరుసలో పేర్చినా, ఏ పరిమాణంలో వేసినా మొత్తం మీద మొగ్గు అటే ఉంటుంది. అప్పులను ఎలా కూడినా ఆస్తి కాదు గదా!

ఇరవయ్యొకటి ఆటలోని ప్రత్యేకత

బ్లాక్‌జాక్ దీనికి కొంత భిన్నమైనది. ఇందులో ఆటగాడు ముందుగా ముక్కలు తీసుకుంటాడు. 21 దాటితే అప్పుడే ఓడినట్లు. తరువాత ముక్కలు పంచేవాడు కూడా 21 దాటినా ఆ సొమ్ము తిరిగి రాదు. నిర్వాహకుని లాభమంతా ఇక్కడినుంచే పుడుతుంది. పంచేవాడు మాత్రం 16 వరకు ముక్క తీసుకోవాలి, 17 వద్ద ఆగాలి. అతనికి స్వేచ్ఛ లేదు.

1956లో రోజర్ బాల్డ్విన్, మరి ముగ్గురు అమెరికా సైనికోద్యోగులు మామూలు లెక్కల యంత్రాలతో ఈ ఆటకు ఉత్తమ విధానాన్ని కనుగొని ప్రకటించారు. ఆ విధానం పాటిస్తే కాసినో మొగ్గు నూటికి సుమారు అర్ధ రూపాయికి తగ్గుతుంది. తగ్గుతుందేగాని పోదు. ఆ తరువాత గణితాచార్యుడు ఎడ్వర్డ్ థార్ప్ మరొక అడుగు వేశారు. రౌలెట్ చక్రానికి జ్ఞాపకం లేదు; పేకకు ఉంది. పడిన ముక్క ఆ పంపకంలో మళ్ళీ రాదు. పదులు, ఆసులు ఎక్కువగా మిగిలినప్పుడు ఆటగాడికి అనుకూలం, అయిదులు వంటి చిన్న ముక్కలు మిగిలినప్పుడు ప్రతికూలం. థార్ప్ ఐబీఎం 704 కంప్యూటరుతో దీనిని లెక్కగట్టి 1961లో ప్రకటించారు. ఇద్దరు ధనికులు సమకూర్చిన 10,000 డాలర్లతో నెవాడాకు వెళ్ళి సుమారు 11,000 డాలర్లు గెలిచారు. 1962లో ఆయన పుస్తకం వెలువడి లక్షల ప్రతులు అమ్ముడైంది.

కనుక కాసినోను ఓడించడం అసాధ్యమని చెప్పడం సత్యం కాదు. కాని థార్ప్ విజయానికి కారణం పందెం వేసే తీరు కాదు, పడిన ముక్కల జ్ఞానం. విచిత్రమేమంటే, హిదాయతుల్లా రమ్మీలో చూసిన నేర్పూ ఇదే. జాన్ కెల్లీ 1956లో కనుగొన్న సూత్రం ప్రకారం మొగ్గు తనవైపు ఎంత ఉంటే ఆస్తిలో అంత దామాషాలో కాయాలి. మొగ్గు తనవైపు లేకపోతే కాయవలసిన మొత్తం సున్నా. అంటే పందెపు గణితశాస్త్రమే, మామూలు ఆటగాడితో, లేచి ఇంటికి వెళ్ళమంటున్నది.

అప్పుడు కాసినోలు ఊరుకున్నాయా? 1964 ఏప్రిల్‌లో లాస్ వెగాస్ కాసినోలు నియమాలు మార్చాయి. ఆటగాళ్ళు రావడం తగ్గగానే కొన్ని వారాలలో వెనక్కి తీసుకున్నాయి. తరువాత ఒక పేక కట్టకు బదులు అనేక కట్టలు కలిపి పంచడం, తరచుగా కలపడం మొదలుపెట్టాయి. ముక్కలు లెక్కించేవారిని బయటికి పంపించాయి. 1982లో కెన్ ఉస్టన్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు అలా వెళ్ళగొట్టడం చెల్లదన్నది. అప్పుడు అట్లాంటిక్ సిటీ కాసినోలు కట్టల సంఖ్యను, కలిపే విధానాన్ని ఆశ్రయించాయి. ఇటీవలి కాలంలో చాలాచోట్ల బ్లాక్‌జాక్ పడినప్పుడు మూడుకు రెండు చొప్పున ఇచ్చే ప్రతిఫలాన్ని ఆరుకు అయిదుకు తగ్గించారు. నియమాలు వ్రాసే కలం ఎవరి చేతిలో ఉందో ఈ చరిత్ర చూపిస్తుంది.

కాసినో నుంచి గుర్రాల మైదానానికి

అమెరికా కాసినోల నుంచి వెళ్ళగొట్టబడిన బిల్ బెంటర్ అనే ముక్కల లెక్కగాడు 1980లలో అలన్ వుడ్స్‌తో కలిసి హాంకాంగ్ చేరాడు. అక్కడి గుర్రపు పందాలకు కంప్యూటరు నమూనా తయారుచేసి అపార ధనం గడించాడు. మలక్‌పేటలో లెక్కలు వేసేవారికి ఇది ఆశాజనకమైన కథగా తోచవచ్చు. కాని ఆ ధనం ఎవరిది? 1867లో పారిస్‌లో జోసెఫ్ ఓలర్ ప్రవేశపెట్టిన ఉమ్మడి పందెపు పద్ధతిలో, అనగా నేటి టోటలైజర్‌లో, అందరి సొమ్మూ ఒకచోట చేరుతుంది. నిర్వాహకుడు తన వంతు, ప్రభుత్వం తన పన్ను ముందే తీసుకుంటాయి. మిగిలినదే గెలిచినవారికి పంచబడుతుంది. బెంటర్ గెలిచినది క్లబ్బు ఖజానా నుంచి కాదు, తనకంటే తక్కువ సమాచారం గల తోటి పందెగాళ్ళ జేబుల నుంచి. ఒక్కడి నేర్పు వేలమంది నేర్పులేమి మీద బతికింది.

భారతదేశంలో ఈ ముందస్తు కోత బరువైనదే. గుర్రపు పందాలపై 28 శాతం ఉన్న వస్తు సేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. ఇంత కోతను అధిగమించి లాభపడాలంటే తోటివారికంటే కొద్దిగా తెలివైనవాడై ఉంటే చాలదు.

చట్టం తిరిగిన దారి

1974లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కొత్త జూద చట్టం చేసింది. 1305 ఫస్లీ చట్టం స్థానంలో అది వచ్చినా, నేర్పు ఆటల మినహాయింపు కొనసాగింది. 1996 జనవరి 12న లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రపు పందాలు కూడా నేర్పుతో కూడినవేనని నిర్ణయించింది. గోవా 1990లలో తన చట్టాన్ని సవరించి నౌకలలో కాసినోలకు అనుమతి ఇచ్చింది. తెలుగు ప్రాంతాల నుంచి అక్కడికి వెళ్ళేవారు కొల్లలు.

సెల్‌ఫోన్ వచ్చాక క్లబ్బు మెట్లు ఎక్కవలసిన పని లేకపోయింది. రమ్మీ అరచేతిలోకి దిగింది. 1967 తీర్పే ఆ వ్యాపారాలకు కవచమైంది. సరిగా యాభై సంవత్సరాల తరువాత, 2017లో, తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా, ఆపై చట్ట సవరణ ద్వారా సొమ్ము ఒడ్డే ఆటలకు నేర్పు మినహాయింపును తొలగించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నేర్పా అదృష్టమా అన్న తేడా చూడకుండా సొమ్ముతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. పందెం ఒడ్డిన చదరంగం గురించి ధర్మవేత్తలు వెయ్యేళ్ళ కిందట చెప్పిన మాటకు లౌకిక చట్టం తనదైన దారిలో నడిచి దగ్గరకు వచ్చింది.

ముగింపు

పైన చెప్పిన చరిత్ర నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, పందెం వేసే తీరు మార్చినంత మాత్రాన నిర్వాహకుణ్ణి ఓడించడం సాధ్యం కాదు. రెండవది, అరుదైన జ్ఞానంతో, పెట్టుబడితో, ఓపికతో ఓడించినవారు లేకపోలేదు. కాని వారి తరువాత నియమాలు మారాయి, లేదా వారి లాభం బలహీనుల నష్టం నుంచి వచ్చింది. మూడవది, ఆటలో నేర్పు ఉందా లేదా అన్న ప్రశ్న శతాబ్దానికి పైగా న్యాయస్థానాల దృష్టిని ఆకర్షించగా, నాల్ ఎవరికి పోతున్నదన్న ప్రశ్న వెనుకబడింది.

జూదంలో లాభం లేనే లేదని చెప్పి యువకులను మళ్ళించాలని చూసే ఉపదేశకులు ఒక చిక్కులో పడతారు. గెలిచినవాడొకడు ఎదురుగా వచ్చి నిలబడితే వారి మాట వీగిపోతుంది. అల్ బఖరా ఆయత్ ఆ దారి తొక్కలేదు. లాభం ఉన్నదని ఒప్పుకొని, తూకం వేసి చూపింది. ఒంటె మాంసం పేదలకు పంచిన మైసిర్‌కే ఆ తూకంలో చోటు దక్కనప్పుడు, నెలజీతం చేతికందిన రోజున మలక్‌పేట వద్ద బస్సు దిగి, ఖాళీ చేతులతో మీర్‌పేట్ చేరే గృహస్థుని పందానికి చోటెక్కడిది? అతని ఇంట్లో ఆ రాత్రి జరిగే లెక్క ఏ గణితాచార్యుని పుస్తకంలోనూ చేరలేదు. జూదాన్ని తూచేటప్పుడు ముందుగా చేర్చవలసిన లెక్క అదే.